అమెరికాలో పైలట్‌గా ఉన్న మా అబ్బాయి ఈ ఒప్పందానికి ఔననాలా, కాదనాలా?

ప్రశ్న: అయ్యా, మాది రాయగడ. రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా చిన్నబ్బాయి అమెరికాలో ఒక ప్రయాణికుల విమాన సంస్థలో అయిదేళ్ళుగా కో-పైలట్‌గా, అంటే ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నాడు. అక్కడ కంపెనీకీ పైలట్ల యూనియన్‌కూ మధ్య కొత్త ఒప్పందపు ముసాయిదా ఒకటి కుదిరింది. దాన్ని ఆమోదించాలో తిప్పికొట్టాలో పైలట్లందరూ ఈ నెలాఖరులోగా ఓటు వేయాలట. గంట జీతం బాగానే పెరుగుతుందంటున్నాడు. కానీ వాడు ఇంకా రిజర్వులోనే, అంటే పిలుపు వస్తే వెళ్ళే డ్యూటీలోనే ఉన్నాడు, రిజర్వు నిబంధనలు పెద్దగా మారలేదట. పైగా చిన్న విమానాలను వేరే సంస్థల చేత నడిపించుకునే వీలు కంపెనీకి మరికొంత ఇచ్చారట. రిటైర్మెంటుకు దగ్గరపడిన కెప్టెన్లు ఒప్పుకోమంటున్నారు, కుర్రవాళ్ళు తిప్పికొట్టమంటున్నారు. నన్నడిగితే "అందినకాడికి పుచ్చుకో నాయనా" అన్నాను. అన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మా రైల్వేలో పే కమిషన్ ఇచ్చింది తీసుకోవడమే తప్ప, ఓటు వేసి ఒప్పుకోవడమన్నది నేనెరగను. తిప్పికొడితే సమ్మె వస్తుందా? వాడి ఉద్యోగానికి ముప్పుందా? ఇల్లు కొనే ప్రయత్నంలో కూడా ఉన్నాడు. వాడికి నేనేం చెప్పాలి?
— ఒక తండ్రి, రాయగడ

సమాధానం: అయ్యా, ముందుగా మీ భయం సంగతి మాట్లాడతాను, ఎందుకంటే "అందినకాడికి పుచ్చుకో" అన్న మాట ఆ భయంలోంచే వచ్చిందని నాకనిపిస్తోంది. మీరు ఉద్యోగంలో చేరిన నాటికి 1974 మే రైల్వే సమ్మె కథలు రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూముల్లో ఇంకా చల్లారి ఉండవు. ఇరవై రోజులకే ఆ సమ్మె ముగిసిపోవడం, వేలమంది ఉద్యోగాలు పోవడం, పోయినవాళ్ళు ఏళ్ళ తరబడి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం విన్న తరానికి "కాదు" అన్న మాట అంత తేలికగా నోటికి రాదు. కానీ మీ అబ్బాయి ఉన్నచోట ముసాయిదాకు "కాదు" అని ఓటు వేయడం సమ్మెకు దిగడం కాదు. ఆ ఓటు రహస్యంగా సాగుతుంది, దానివల్ల అతని ఉద్యోగానికి ముప్పేమీ లేదు. ఈ రెండు ప్రశ్నలకు ఇది నిశ్చయమైన జవాబు.

అక్కడి పైలట్ల ఒప్పందాలు ఏ చట్టం కింద నడుస్తాయో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది రైల్వే కార్మికుల కోసం 1926లో చేసిన చట్టం, దాని పేరే రైల్వే లేబర్ యాక్ట్. 1936 ఏప్రిల్ 10న దాన్ని విమాన సంస్థలకు కూడా వర్తింపజేశారు. మన కోరాపుట్, గంజాం ప్రాంతాలు మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరినది అదే నెల ఒకటో తేదీన. రవాణా ఆగకూడదన్నదే ఆ చట్టం పట్టుదల. అందుకని ఆ చట్టం కింద ఒప్పందానికి కాలం చెల్లడం అంటూ ఉండదు. ఫలానా తేదీ తర్వాత దాన్ని సవరించుకోవచ్చు, అంతే. సవరణ కుదిరేదాకా పాత జీతాలూ పాత నిబంధనలూ రెండు పక్షాలూ పాటించి తీరాలి. చర్చలు తెగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ముగ్గురు సభ్యుల ప్రభుత్వ సంస్థ మధ్యవర్తిత్వం చేస్తుంది. ఇక లాభం లేదని ఆ బోర్డే వదిలిపెడితే తప్ప సమ్మె మాట లేదు. వదిలిపెట్టాక కూడా ముప్పై రోజులు ఆగాలి, ఆ తర్వాత దేశాధ్యక్షుడు ఇంకో బోర్డు వేసి మళ్ళీ ఆపగలడు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే అధ్యక్షుడు క్లింటన్ అలాగే ఆపారు. కాబట్టి "కాదు" అంటే వచ్చేది సమ్మె కాదు, నిరీక్షణ. అది ఆరు నెలలు కావచ్చు, రెండేళ్ళు కావచ్చు, అంతకు మించీ కావచ్చు. ఆ నిరీక్షణను భరించగలడా, దాని చివర అతనికి దక్కేది ఆ కాలానికి తగినదేనా అన్నదే మీ అబ్బాయి ముందున్న అసలు ప్రశ్న.

తిప్పికొట్టిన వాళ్ళకు ఏమైందో అతని తోటి కుర్రవాళ్ళు చెప్పే ఉంటారు, బహుశా ఒక వైపు ఉదాహరణలే చెప్పి ఉంటారు. 2022 నవంబరులో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లలో ఓటు వేసిన వంద మందికి 94 మంది ముసాయిదాను తిప్పికొట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, అంతకంటే ఎంతో మెరుగైన ఒప్పందాన్ని 82 శాతం ఆమోదించారు. డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లు 2015 జూలైలో 65 శాతంతో కాదన్నారు, సుమారు ఏడాదిన్నర ఆగి 2016 డిసెంబరులో మంచి పెరుగుదలతో ఔనన్నారు. ఇవి రెండూ నిజమే. కానీ 2023 జూలైలో ఫెడెక్స్ సరుకు విమానాల పైలట్లు 57 శాతంతో తిప్పికొట్టిన తర్వాత రెండేళ్ళు గడిచినా వాళ్ళకు కొత్త ఒప్పందం రాలేదు. యునైటెడ్ వాళ్ళు కాదన్న రోజుల్లో పైలట్లకు కరువుగా ఉంది. కరోనా కాలంలో ఎందరో ముందుగానే రిటైరైపోయారు, 65 ఏళ్ళు నిండిన వారు ఎలాగూ దిగిపోవాలి, ప్రయాణికులేమో ఒక్కసారిగా తిరిగి వచ్చారు. ఆ మధ్యలో, 2023 మార్చిలో, డెల్టాలో నాలుగేళ్ళకు 34 శాతం పెంచుతూ ఒప్పందం కుదిరి మిగతా సంస్థలకు కొలబద్దగా నిలిచింది. ఫెడెక్స్ వాళ్ళకు గాలి ఎదురు తిరిగింది. కరోనా నాటి పార్సిళ్ళ జోరు తగ్గింది, 2024 సెప్టెంబరులో అమెరికా తపాలా శాఖ సరుకు రవాణా కాంట్రాక్టు కూడా ఆ సంస్థ చేజారింది. కనుక ఎవరో కాదని గెలిచారు కదా అన్నదొక్కటే కారణం చేసుకుని మీ అబ్బాయి కాదనకూడదు. తన సంస్థ ఇప్పుడు కొత్త పైలట్లను తీసుకుంటోందా, మానేసిందా అన్నది అతనికి బాగా తెలిసి ఉంటుంది. ఆ ఒక్క సంగతి పాత ఉదాహరణలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక నా స్వానుభవం. నేను పర్లాకిమిడి నుంచి వెళ్ళి విజయనగరం జిల్లాలో ఒక నార మిల్లులో పాతికేళ్ళకు పైగా పనిచేశాను, కొంతకాలం యూనియన్ కమిటీలో కూడా ఉన్నాను. ఎనభైల చివర మాకొక మూడేళ్ళ ఒప్పందం కుదిరింది. బి షిఫ్టు దిగే వేళ గేటు మీటింగు పెట్టారు. చీకటి పడింది, మా కార్యదర్శి టార్చిలైటు వెలుగులో కాగితాలు చదివాడు. రోజు కూలి ఎంత పెరుగుతుందో చదివినప్పుడు మళ్ళీ చదవమని అరిచారు, రెండుసార్లు చదివాడు. తర్వాత పేజీలు గబగబా తిప్పాడు. అందులో ఒకచోట "అవసరాన్ని బట్టి ఫినిషింగ్ విభాగంలో కొన్ని పనులను యాజమాన్యం బయటివారి చేత చేయించుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం ఉంది. ఎవరూ ఆగమనలేదు. చేతులెత్తమన్నప్పుడు ముందు లేచిన చేతుల్లో నాదీ ఒకటి. పెరిగిన కూలిని మూడేళ్ళలో ధరలు మింగేశాయి. ఆ వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాతి ఒప్పందంలో తీసేయమని అడిగితే, మీరు ఒప్పుకున్నదే కదా అన్నారు, అది నిజమే కనుక మా దగ్గర జవాబు లేకపోయింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి సంచులు కుట్టే చోట, బేళ్ళు కట్టే చోట పర్మినెంటు కార్మికుడు ఒక్కడూ మిగలలేదు. మా బావమరిది అక్కడే కుట్టుపని చేసేవాడు. అతణ్ణి నారను మెత్తబరిచే బ్యాచింగ్‌కు మార్చారు, ఆ నార దుమ్ము పడక రెండేళ్ళకే మానుకున్నాడు. నేను ఎత్తిన చేయి గురించి అతను నన్నెప్పుడూ ఏమీ అనలేదు.

మీ ఉత్తరంలో "చిన్న విమానాలను వేరే సంస్థల చేత నడిపించుకునే వీలు" అన్న చోట నా చూపు ఆగిపోయింది అందుకే. పైలట్లు దాన్ని స్కోప్ అంటారు. కంపెనీ పేరు మీద, కంపెనీ రంగుల్లో ఎగిరే విమానాలను ఆ కంపెనీ సీనియారిటీ లిస్టులో ఉన్న పైలట్లే నడపాలన్న కంచె అది. ఆ కంచెకు ఎన్ని సీట్ల దాకా, ఎన్ని విమానాల దాకా గండి పెట్టవచ్చన్నదే స్కోప్ అధ్యాయంలో ఉంటుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పెద్ద సంస్థలు ఒకదాని వెంట ఒకటి దివాలా కోర్టుకు వెళ్ళిన రోజుల్లో పైలట్లు ఆ గండిని పెద్దది చేయడానికి ఒప్పుకోవలసి వచ్చింది. అలా 76 సీట్ల దాకా ఉన్న జెట్ విమానాలు పెద్ద సంస్థల తరఫున చిన్న విమానాలు నడిపే రీజినల్ సంస్థలకు వెళ్ళాయి, అక్కడి పైలట్లు చాలా ఏళ్ళు ఎంతో తక్కువ జీతానికి వాటిని నడిపారు. ఆ తర్వాత వచ్చిన మంచి రోజుల్లో జీతాలు తిరిగి వచ్చాయి, పోయిన దానికి మించి వచ్చాయి. ఆ 76 సీట్ల విమానాలు మాత్రం తిరిగి రాలేదు.

దీన్ని మీ అబ్బాయి లెక్కలోకి తెచ్చి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, అసలువి అతను వేసుకోవాలి. కొత్త ఒప్పందంలో గంటకు 20 డాలర్లు పెరుగుతుందనుకోండి. నెలకు కనీసం 75 గంటల జీతానికి గ్యారంటీ ఉంటే అది నెలకు 1,500, ఏడాదికి 18,000 డాలర్లు. కాదని ఏడాదిన్నర ఆగితే 27,000 డాలర్లు వెనుకపడతాడు. అందులో కొంత ఎరియర్స్‌గా రావచ్చు, రాకపోవచ్చు, ముసాయిదాలో ఉన్న ఎరియర్స్ తిప్పికొట్టాక కూడా ఉంటాయన్న హామీ లేదు. ఇది చిన్న మొత్తం కాదు, ఇల్లు కొనబోయేవాడికి అసలే కాదు. ఇప్పుడు రెండోవైపు చూడండి. ఫస్ట్ ఆఫీసర్‌కూ కెప్టెన్‌కూ గంట జీతంలో 100 డాలర్ల తేడా ఉందనుకుంటే, అది నెలకు 7,500, ఏడాదికి 90,000. స్కోప్ సడలింపు వల్ల కంపెనీలో చిన్న విమానాలు తగ్గి అతని కెప్టెన్ పదోన్నతి రెండేళ్ళు వెనక్కి జరిగితే పోయేది 1,80,000 డాలర్లు. రిజర్వులో గడిపే ఏళ్ళు కూడా దానితో పాటే పొడుగవుతాయి, ఎందుకంటే తన కింద కొత్తవాళ్ళు చేరితేనే ఎవరైనా రిజర్వు నుంచి పైకి జరుగుతారు.

పెద్ద కెప్టెన్లు ఒప్పుకోమనడంలో దుర్బుద్ధి ఏమీ లేదని మీ అబ్బాయికి చెప్పండి. 63 ఏళ్ళవాడికి రెండేళ్ళ నిరీక్షణ అంటే ఉద్యోగమంతా అయిపోవడమే, అతనికి ఆ పెరుగుదల ఇప్పుడు రాకపోతే ఇక రాదు. స్కోప్ గండి ఎంత పెద్దదైనా అతని సీటును తాకదు. అతను తన వయసును బట్టి ఓటు వేస్తున్నాడు, మీ అబ్బాయి కూడా తన వయసును బట్టే వేయాలి.

రిజర్వు గురించి మీకు నేను వివరించనక్కరలేదు. కాల్‌బాయ్ రాత్రి ఒంటిగంటకు కాల్‌బుక్ పట్టుకుని వచ్చి తలుపు తడితే సంతకం పెట్టి రెండు గంటల్లో లాబీకి చేరిన జీవితం మీది. అదే ఇప్పుడు ఫోను మోగుతుంది. షార్ట్ కాల్ రిజర్వులో ఉన్న పైలట్ సుమారు రెండు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి, సొంత ఊరు వేరే నగరంలో ఉంటే బేస్ దగ్గర, అంటే డ్యూటీ మొదలయ్యే ఊళ్ళో, నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకున్న గదిలో పడుకుని ఎదురుచూడాలి. మీరు క్వార్టర్స్‌లో మీ ఇంటి వాకిట్లో ఎదురుచూశారు, అతను పరాయి గదిలో ఎదురుచూస్తాడు, అంతే తేడా. ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర ఒక రీజినల్ విమానం కూలి 50 మంది చనిపోయారు. వేగం పడిపోతోందన్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని దర్యాప్తులో తేలినా, ఇద్దరు పైలట్ల మీదా అలసట ప్రభావం ఉండి ఉంటుందని కూడా రాశారు. ఫస్ట్ ఆఫీసర్ ఆ డ్యూటీ కోసం దేశం ఆ చివరి నుంచి రాత్రంతా విమానాల్లో ప్రయాణం చేసి వచ్చింది. అందువల్ల రిజర్వు నిబంధనలు మారకపోవడాన్ని చిన్న లోటుగా కొట్టిపారేయవద్దు. అయితే ఒక సంగతి. మారకపోవడం వేరు, దిగజారడం వేరు. ఈ ముసాయిదాలో రిజర్వు మారలేదు, స్కోప్ దిగజారింది. మారనిది వచ్చేసారి మళ్ళీ అడగవచ్చు. చేజారినదాన్ని తిరిగి అడగాలంటే దానికి వేరే వెల కట్టవలసి వస్తుంది.

కనుక నా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాను. ముసాయిదాలో లోపం జీతం కాస్త తక్కువని మాత్రమే అయితే, ఒప్పుకోమనే రాసేవాణ్ణి. రిజర్వు లోపం ఒక్కటే అయినా, బరువుగానే అయినా, బహుశా ఒప్పుకోమనే అనేవాణ్ణి. స్కోప్ నిజంగానే సడలి ఉంటే అతను కాదనాలి. కానీ "నిజంగానే" అన్న మాట దగ్గర ఆగండి. "వీలు కంపెనీకి మరికొంత ఇచ్చారట" అని రాశారు మీరు. ఆ "అట" ఎవరి నోటి నుంచి వచ్చింది? కొన్నిసార్లు సీట్ల పరిమితి అలాగే ఉంచి విమానాల సంఖ్య మాత్రం పెంచుతారు. కొన్నిసార్లు కంపెనీ తన సొంత విమానాలను ఇన్ని పెంచితేనే బయట ఇన్ని పెంచుకోవచ్చని ముడిపెడతారు. ఆ ముడి గట్టిదైతే అది నష్టం కాదు, లాభం కూడా కావచ్చు. యూనియన్ పంచిన నాలుగు పేజీల సారాంశంలో ఇది తెలియదు, ఎందుకంటే ఒప్పందం కుదిర్చిన వారే ఆ సారాంశం రాస్తారు, తాము నెలల తరబడి కష్టపడి తెచ్చినదాన్ని వాళ్ళు మంచి మాటలతోనే వర్ణిస్తారు. తిప్పికొట్టమనేవాళ్ళ వాట్సాప్ సందేశాల్లోనూ తెలియదు. అసలు అధ్యాయం తెరవాలి. ఒక్కొక్క వాక్యం చివర "చేయాలి" అని ఉందా, "చేయవచ్చు" అని ఉందా చూడాలి. "పరిస్థితులను బట్టి", "సాధ్యమైనంత వరకు" అన్న మాటలు ఎక్కడున్నా గీత గీసుకోవాలి. ముసాయిదా పైలట్ల ఓటుకు రాకముందు వాళ్ళ ప్రతినిధుల మండలిలో ఓటు జరిగి ఉంటుంది. అందులో కాదన్న ప్రతినిధులు ఎవరో, ఏ కారణం చెప్పి కాదన్నారో కనుక్కోవడం కూడా అవసరం. లోపల ఉండి కాగితాలన్నీ చూసి కాదన్నవాడి మాటకు విలువ ఎక్కువ.

ఇంటి విషయం తేలిక. కొత్త జీతం మీద లెక్క వేసుకుని అప్పు చేయవద్దని చెప్పండి, ఫలితం ఏదైనా సరే. ఇప్పటి జీతానికి తూగే ఇల్లు అయితే కొనుక్కోవచ్చు, లేకపోతే అద్దెకు ఉండవచ్చు. ఇంటి వాయిదాకు భయపడి ఔనని ఓటు వేసినవాళ్ళను మా మిల్లులో చాలామందిని చూశాను, వాళ్ళను తప్పు పట్టను, కానీ ఆ భయాన్ని ముందే తగ్గించుకోగలిగే అవకాశం మీ అబ్బాయికి ఉంది.

ఎటు ఓటు వేసినా దాని గురించి కాక్‌పిట్‌లో వాదులాడవద్దని కూడా ఒక మాట అనండి. పది వేల అడుగుల లోపు ఎగురుతున్నప్పుడు విమానం పనికి సంబంధం లేని మాటలు మాట్లాడకూడదని అక్కడ 1981 నుంచి నిబంధన ఉంది. ఆ పైన ఎత్తులో కూడా, పక్క సీటులో ఉన్న కెప్టెన్ ఔనన్నవాడైనా కాదన్నవాడైనా, దిగేదాకా ఇద్దరూ ఒకరి కళ్ళను ఒకరు నమ్ముకోవలసినవాళ్ళే. ఇది నాకంటే మీకు బాగా తెలుసు, అసిస్టెంటు సిగ్నల్ రంగు పైకి చెబితే మీరు తిరిగి పలికిన రోజులు గుర్తు చేసుకోండి.

మీరు అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి సంకోచించకండి. "నేను తొందరపడి అన్నాను, పూర్తిగా విన్నాక చెబుతాను" అంటే కొడుకు దగ్గర తండ్రి మాట తగ్గదు. ఈ ఆదివారం రాత్రి ఇక్కడ తొమ్మిది గంటలైతే అక్కడ పొద్దుటిపూట అవుతుంది. అతనికి డ్యూటీ లేకపోతే ఫోను చేసి, స్కోప్ అధ్యాయం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకోమనండి. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి, మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. మీరు ఒక పుస్తకంలో రాసుకోండి. చెప్పలేక ఎక్కడ తడబడతాడో అక్కడ అతనికీ అర్థం కాలేదన్నమాట. ఆ వాక్యాల కింద గీత గీసి, సోమవారం తన యూనియన్ ప్రతినిధికి పంపి రాతపూర్వకంగా జవాబు అడగమనండి. ఆ జవాబులు వచ్చాక మళ్ళీ ఒకసారి కూర్చోండి. ఓటు అతనిది, నెలాఖరు దాకా సమయం ఉంది.